ఒకటిన్నర లేని రాత్రి

టాడ్‌మార్డెన్‌లో జంతువుల ఆసుపత్రి మెట్ల కింద,
చీపుళ్ళకీ పిల్లుల ఇసుక బస్తాలకీ నడుమ,
చెప్పుల పెట్టెంత సర్వరు.
పదకొండేళ్ళ కుక్కలూ పిల్లులూ
ఒక ముసలి తాబేలూ
అందులోనే కాపురం.
మూత మీద ఎవరో టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక.

"బ్యాకప్ ఉందిగా" అంది డాక్టర్ ఐలీన్ గ్రీన్‌వుడ్,
సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి.
తెరిచి చూస్తే
రెండేళ్ళ కిందటి క్రిస్మస్ విందు ఫొటోలు.

నేనేమీ అనలేదు.
ఈ లోయలో నది సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.
గోడ మీద నా నడుమెత్తున
దాని సంతకం ఇంకా చెరగలేదు.

మధ్యాహ్నమంతా మోకాళ్ళ మీదే పని.
గడప దాటే ప్రతి ముక్కనీ
ఇక్కడే పిండి చేసి, పోల్చుకోలేనట్టు కలిపి పంపాలి.
దాచిపెట్టేవాడికి కూడా
తాను దాస్తున్నదేమిటో తెలియకూడదు.
రోజూ అంతా కాదు,
నిన్నటికీ ఇవాళ్టికీ మారినంత మేరకే.
సర్వరు చేతికిచ్చిన తాళంచెవికి ఒక్కటే అధికారం:
చేర్చగలదు, చెరపలేదు.
రేపెవడో దొంగ చొరబడి దాని పీక పట్టుకున్నా
నిన్నటి జోలికి పోలేడు.

పాచికలు వేసి ఏడు మాటల రహస్యం ఎంచాం.
ఏమిటో చెప్పను. ఒకటి మాత్రం కూరగాయ.
ఆవిడ వాటిని సర్వరులోనే ఒక ఫైల్లో దాచబోయింది.
"తాళంచెవి లోపల పెట్టి పెట్టెకి తాళం వేస్తారా?"
నవ్వి, రెండు కాగితాల మీద రాసింది.
ఒకటి బ్యాంకుకి.
ఒకటి హాలిఫాక్స్‌లో వాళ్ళక్క వంటల పుస్తకంలోకి,
ఎవరూ తెరవని కాలేయం కూర పేజీలోకి.

రాత్రి ఒకటిన్నరకి లేచి పని చెయ్యమని
గడియారానికి అప్పజెప్పి ఇంటికొచ్చాను.

తెల్లారితే ఒక ఉత్తరం: అయింది.
మర్నాడు: అయింది.
అయింది, అయింది, ఆరు వారాలు.
చదవడం మానేశాను.

మార్చి ఆఖరి ఆదివారం ఉత్తరం రాలేదు.
రాలేదని నాకు మంగళవారం తెలిసింది.

ఆ రాత్రి ఈ దేశం
ఒంటిగంట కాగానే ముల్లుని రెండు మీదికి నెట్టేసింది.
ఒకటిన్నర అసలు పుట్టనే లేదు.
పుట్టని ఘడియలో లేవమన్న పనివాడు
ఎలా లేస్తాడు?
తప్పు దేశానిది కాదు, గడియారానిది కాదు.
వేళ నాలుగుంబావుకి మార్చాను.
ఉత్తరం రాకపోతే ఆ రాకపోవడమే మోగేలా
ఇంకో గంట కట్టాను.

ఎలాగూ వచ్చాను కదా,
దాచినది తిరిగొస్తుందో లేదో చూద్దామన్నాను.
దాన్నే అందరూ మర్చిపోతారు.
"నోటికొచ్చిన పేరొకటి చెప్పు."
పిల్లి గోళ్ళు కత్తిరిస్తున్న నర్సు టామ్సిన్
తలెత్తకుండా అంది: "గ్రేవీ."

నలభై సెకన్లు.
ఎక్కడో ఫిన్లండ్ చలిలో
ఊరూ పేరూ లేని పిండిగా పడున్నది
రేణువు రేణువుగా కూడుకుని
తెర మీద ఎక్స్‌రే అయింది.
నల్లటి నేల మీద తెల్లటి కుక్క ఎముకలు.
ఎడమ వెనకకాలు,
వెంట్రుకంత చీలిక.
ఓ మూల, పొరపాటున పడ్డ బొటనవేలి ఎముక.

"ఆ వేలు నాదే" అంది.
కాసేపాగి, "కుక్కా నాదే."

ఎక్కడా చుక్క పోలేదు.
విరిగింది విరిగినట్టే వచ్చింది.
బాగు చెయ్యదు, బతికించదు,
ఆ రోజు ఎలా ఉందో అలాగే తెచ్చి
చేతిలో పెడుతుంది, అంతే.
దీనికే నేను
నెలకి పన్నెండు పౌన్లు పుచ్చుకుంటున్నాను.

"మూసెయ్యనా?" అన్నాను.
"కాసేపుండనీ."

పిల్లికి మాత్రం ఓపిక పోయింది.
రెండో పంజా
ఇంకా అలాగే ఉంది.